వేళకు పలకని వేళ్ళు

“బఫర్ సగానికి సగం తగ్గించకపోతే నా పరువు దక్కదండీ” అని పెద్దకోడలు ఫోనులో అంటున్నప్పుడు, అత్తగారు పక్కగదిలో నడుం వాల్చి ఉన్నారు. ఆవిడకు రెండు చెవులకూ వినికిడి యంత్రాలున్నాయి. రెండూ ఒకేసారి వాడితే ఒకేసారి అరిగిపోతాయని ఒకదాన్ని డబ్బాలో దాచి, రెండోదాన్ని తగిలించుకుంటారు. తగిలించుకున్న చెవి అప్పుడు తలగడ కింద ఉంది. ఉత్త చెవి గోడ వైపు ఉంది. గోడ దాటి వచ్చేసరికి బఫర్ కాస్తా బఫే అయి కూర్చుంది.

మరుసటి నెలలో ఆవిడ కూతురి పాతికేళ్ళ పెళ్ళిరోజు. విందు పుట్టింటివాళ్ళే ఏర్పాటు చేస్తున్నారు. అలాంటి విందుకు కోడలు కత్తెర పట్టుకుని తయారైందంటే ఏ తల్లి ఊరుకుంటుంది? వెంటనే కూతురికి ఫోను చేశారు. కూతురి నోటికి వచ్చేసరికి వంటకాల్లో సగం ఎగిరిపోయాయి. అల్లుడి చెవికి చేరేసరికి అతిథుల్లోనూ సగం మంది ఎగిరిపోయారు. ఆయన బండి తాళాలు అందుకునేసరికి అదంతా తన కంచం మీద గురిపెట్టి చేస్తున్న కుట్ర అని రూఢి అయిపోయింది.

ఈ అల్లుడుగారిని ఇంటిల్లిపాదీ చాటున సలహారావు అంటారు. ఎదురుగా అనే వీలు లేదు. ఎదురుగా ఉన్నంతసేపూ ఆయనే మాట్లాడతాడు. ఒక పెద్ద కంపెనీలో మిగతావాళ్ళు తమ ఉద్యోగం ఎలా చేసుకోవాలో చెప్పడం ఆయన ఉద్యోగం. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. చాకలికి ఇస్త్రీ గురించీ, పళ్ళ డాక్టరుకు పళ్ళ గురించీ నోరు తెరిచి, అంటే డాక్టరు నోరు తెరవమన్న తర్వాత కూడా ఆపకుండా, చెప్పగలడు.

ఆయన వచ్చేసరికి పెద్దకోడలు కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చిన్న కీబోర్డు మీద వేళ్ళు పరుగెత్తిస్తోంది. ఆయన గుమ్మంలో నిలబడి, ఆత్మాభిమానం గురించీ, పుట్టిళ్ళ బాధ్యతల గురించీ, ఆకలి గురించీ ఆవిడ వీపుతో చాలాసేపు మాట్లాడాడు. వీపు ఒక్కమాట కూడా ఎదురు చెప్పకపోయేసరికి ఆయనకు కోపం రెట్టింపైంది. చివరికి ఆవిడే వెనక్కి తిరిగి, “అన్నయ్యగారూ, ఎప్పుడొచ్చారు?” అంది.

విషయం తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. అత్తగారిని పిలిచారు. డబ్బాలోని యంత్రాన్ని కూడా పిలిచారు. బఫర్ అంటే కంప్యూటరు లోపల ఉండేదనీ, దానికీ వంటవాళ్ళకూ చుట్టరికం లేదనీ, విందులో ఒక్క గరిటె కూడా తగ్గడం లేదనీ పెద్దకోడలు ఇద్దరికీ విడమరిచి చెప్పింది. అత్తగారు “అయితే సరేనమ్మా” అని వెళ్ళి పడుకున్నారు.

సలహారావు మాత్రం వెళ్ళలేదు. అంత కోపాన్ని అంత దూరం మోసుకొచ్చిన మనిషి ఊరికే ఎలా వెళతాడు? దాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి. బల్ల మీద కంప్యూటరు కనబడింది.

ఇక్కడ పెద్దకోడలి గురించి కొంచెం చెప్పాలి. ఆవిడ ఒక డాన్సు బడిలో పియానో వాయిస్తుంది. ఆ బడిలో చదివిన ఆడపిల్లలందరూ ఆవిడను పియానమ్మ అంటారు. వాళ్ళలో కొందరు ఇప్పుడు తమ కూతుళ్ళను తెచ్చి చేర్పిస్తున్నారు, ఆ కూతుళ్ళూ పియానమ్మే అంటారు. మాట పదును. వేళ్ళు అంతకంటే పదును. మొగుడికి కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఆయన మంచివాడు, కానీ కనబడే లోకానికే తప్ప వినబడే లోకానికి పూచీ పడడు. ఆవిడ ఏది వాయించి చూపినా “బాగా కనబడుతోంది” అంటాడు.

బడిలో మొదట్నుంచీ ఉన్న చెక్క పియానో పైకప్పు కారి ఉబ్బిపోయింది. దాని స్థానంలో పొడవాటి కీబోర్డూ, ఒక ల్యాప్‌టాపూ, హాలు స్పీకరూ వచ్చాయి. కీబోర్డు మీట నొక్కితే ఆ కబురు తీగ గుండా ల్యాప్‌టాప్‌కు వెళుతుంది. అందులో ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. దాని కడుపులో ఎక్కడో ఏదో మేడలో ఉన్న మహా పియానో శబ్దాలన్నీ పోసి పెట్టారు. కబురు అందగానే అది తగిన శబ్దాన్ని తీసి స్పీకరుకు అందిస్తుంది. సామాను దింపిన దుకాణంవాడు ఒక మీట నొక్కి, శబ్దం రాగానే “పనిచేస్తోంది” అని సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. ల్యాప్‌టాప్‌ను పియానమ్మ రోజూ ఇంటికి తెచ్చుకుంటుంది. ఇంట్లో సాధనకు ఒక చిన్న కీబోర్డు కొనుక్కుంది. అది మూగది. దానికంటూ గొంతు లేదు, కంప్యూటరు పలికిస్తేనే పలుకుతుంది.

ఆ సాఫ్ట్‌వేర్ పేరులో సాఫ్ట్ ఉంది గానీ స్వభావం మొండి. నింపాదిగా వాయిస్తే అమృతంలా ఉండేది. వేగం అందుకుంటే మాత్రం వేలు ముందూ శబ్దం వెనుకా నడిచేవి. అందుకే ఆవిడ సాఫ్ట్‌వేర్ కంపెనీ సహాయకుడికి ఫోను చేసింది. అతను బఫర్ గురించి చెప్పాడు. కంప్యూటరు శబ్దాన్ని చుక్క చుక్కగా వడ్డించదు, ఒక గిన్నెలో పట్టి గిన్నెతో వడ్డిస్తుంది. ఆ గిన్నె బఫర్. గిన్నె పెద్దదైతే నిండేదాకా ఆగాలి కాబట్టి శబ్దం ఆలస్యం. గిన్నె మరీ చిన్నదైతే వడ్డన మధ్యలో తెగి చిటపటమంటుంది. చిటపట మొదలయ్యేదాకా తగ్గించి, అక్కడినుంచి ఒక్క మెట్టు వెనక్కి రమ్మన్నాడు. సంవత్సరాంతపు ప్రదర్శనలో ఆఖరి అంశం కోసం ఆవిడకు అది కావాలి.

ఆ అంశం పేరు “వడగళ్ళు”. బడిలో పేరు మోసిన పిల్ల ఒకతె ఉంది, గిరగిరా తిరిగితే ఆపడం కష్టం కాబట్టి అందరూ బొంగరం అంటారు. ఆ పిల్ల రంగస్థలం ఈ మూలనుంచి ఆ మూలకు తిరుగుతూ పోవాలి. పియానో పై మీటలనుంచి కింది మీటల దాకా వడగళ్ళవాన కురిసినట్టు కురవాలి. ఒక్కో స్వరం విడివిడిగా టపటపమని పడాలి, ఒక్కోదాని మీద ఒక్కో అడుగు పడాలి. శబ్దం ఆలస్యమైతే అవి వడగళ్ళు కావు, బురద. బురదలో తిరిగే బొంగరం ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కాబట్టి కావలసింది తగ్గించడం. వచ్చినవాడు సలహారావు.

ఆయన కుర్చీ లాక్కుని, ఆవిడ చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు. విన్నాడంటే, తన వంతు వచ్చేదాకా ఆగాడు. పెద్దదాన్ని తగ్గించడం ఏమిటని మొదలెట్టాడు. ఇల్లు పెద్దదైతే మేలు, మనసు పెద్దదైతే మేలు, గిన్నె పెద్దదైతే మేలు కాదా అన్నాడు. తన ఆఫీసులో నత్తల్లా నడిచే కంప్యూటర్లను లేళ్ళు చేశానన్నాడు. అని, బఫర్‌ను ఎంత పెంచడానికి వీలుందో అంతా పెంచేశాడు. తెర మీద నల్లగా నిగనిగలాడే పియానో బొమ్మ ఉంది. దాని మూత బార్లా తెరిచాడు. మీటల స్పర్శను “బరువు” దగ్గర పెట్టాడు, బరువైనదే నాణ్యమైనదట. ఎకో ఎక్కువ చేశాడు. అది మహా మందిరమన్న చోటికి వెళ్ళింది, నొక్కి వదిలిన స్వరం ఆ మందిరంలో గోడ గోడనూ పలకరించి సెలవు తీసుకుని గానీ పోదు. ఆఖరున, పిల్లలెవరూ కెలకకుండా సెట్టింగుల బఫర్ పేజీకి తాళం వేశాడు. ఏదో రహస్య పదం కొట్టాడు. తాళం వేసి, తాళం తప్పించి, టీ తాగి వెళ్ళాడు.

ఆయన గేటు దాటకముందే ఆవిడ ఎకోను అణిచింది, స్పర్శను తేలిక చేసింది, స్వరాల తోకలు కత్తిరించింది. బఫర్ దగ్గరికి వచ్చేసరికి తాళం. రహస్య పదం ఏమిటని ఫోను చేస్తే, అది తన ఆఫీసు పద్ధతి ప్రకారం పెట్టాననీ, ఏది పెట్టాడో చప్పున గుర్తు లేదనీ, అయినా దాన్ని ముట్టుకోకపోవడమే మంచిదనీ జవాబు. సాఫ్ట్‌వేర్ కంపెనీ సహాయకుడిని అడిగితే, తాళం వేసినవాళ్ళే తీయాలన్నాడు. మొగుడితో చెబితే ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, బావ ఏం చేసినా మంచికే చేస్తాడు కదా అన్నాడు. మీ బావకు భావాలెక్కువ, మాకు బాధలెక్కువ అని ఆవిడ తిప్పికొట్టింది. అప్పటికి ఆవిడ వెటకారం ఇంకా వేళకే పలుకుతోంది.

మర్నాడు బడిలో “వడగళ్ళు” మొదలెట్టింది. పది స్వరాలు దాటకముందే బొంగరం ఆగిపోయి, తల పట్టుకుని నేల మీద కూర్చుంది. డాన్సు మేడమ్ మళ్ళీ మొదటినుంచి అంది. మళ్ళీ అదే. ప్రతి స్వరమూ రెండుసార్లు పడుతోంది. టప్ అనవలసినచోట టటప్ అంటోంది. వేగం పెరిగితే టటప్‌లన్నీ కలిసి మూకుడులో ఆవాలు చిటపటలాడినట్టుంది. ఏ అడుగు ఏ టప్ మీద వేయాలో ఆ పిల్లకు తెలియలేదు.

డాన్సు మేడమ్ పియానమ్మకంటే చాలా చిన్నది. ఆమెకు మొదటి అడుగులు పడింది ఈవిడ పియానో మీదే. పేరుకు మేడమ్ గానీ, ఈవిడను అక్కా అంటుంది. “అక్కా, వేలు కింద రెండేసి మీటలు పడుతున్నాయేమో చూసుకోండి” అంది మెత్తగా. చూసుకుంది. మీట ఒకటే పడుతోంది. మరి శబ్దం రెండెందుకు? మీట మీద వేలు వణికి రెండోసారి తగులుతోందేమో అన్నది మేడమ్‌కు తోచిన మాట. నాలుగు రోజులు పోయాక ఆమె తన ఫోనులో రికార్డు చేసి, పిల్లలందరినీ పంపేసి, హాలు తలుపు దగ్గరికి వేసి వినిపించింది. టటప్ టటప్ టటప్. ఫోను ఎవరి పక్షమూ వహించదు కదా.

ఆ పూట పియానమ్మ బస్సు ఎక్కకుండా ఇంటికి నడిచి వెళ్ళింది.

ఇంట్లో మూగ కీబోర్డు మీద కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింది. అక్కడ స్వరం ఒక్కటే వస్తోంది, కానీ బాగా ఆలస్యంగా వస్తోంది. శబ్దం కోసం ఆగితే వేలు తడబడుతోంది, ఆగకుండా పోతే చెవి తడబడుతోంది. ఆలస్యానికి బఫర్ ఉంది, కానీ బఫర్ ఒక స్వరాన్ని రెండు చేయదు కదా. ఇంట్లో ఒక రోగం, బడిలో ఇంకో రోగం. కంప్యూటరు కాక రెండు చోట్లా మారనివి తన వేళ్ళు మాత్రమే అని ఆవిడకు తోచింది. కూర్చుని ఆలోచించేకొద్దీ అదే నిజమనిపించింది. స్నానాల గదిలో తలుపు వేసుకుని, చాచిన అరచేతి మీద నిండు గ్లాసు నిలబెట్టి నీళ్ళ వైపు చూసింది. నీళ్ళు కదిలాయి. ఎవరి చేతి మీదైనా కదులుతాయి. ఆ సంగతి ఇంకొకరి చేయి అయితే ఆవిడే చెప్పేది.

ఈ కబురు మొగుడి నోట సలహారావుకు చేరింది. ఇక చూడాలి. వయసు అన్నాడు. నరాలు అన్నాడు. తన ఆఫీసులో టైపు కొట్టి కొట్టి వేళ్ళు పోయినవాళ్ళను ఎంతమందిని చూశానో అన్నాడు. రబ్బరు బంతి ఒకటి తెచ్చి, పొద్దున్నా సాయంత్రమూ పిసకమన్నాడు. “సెట్టింగులన్నీ నేను దగ్గరుండి చేశానమ్మా. అక్కడ లోపం ఉండే ప్రశ్నే లేదు. ఉంటే గింటే మీ దగ్గరే ఉండాలి” అన్నాడు. మామూలు రోజుల్లో అయితే పిసకవలసింది బంతిని కాదని ఆవిడ అనేది. ఆ రోజు బంతి తీసుకుని ఊరుకుంది. ఆయన వెళ్ళిన చాలాసేపటికి, అంట్లు సర్దుతుంటే, ఆ జవాబు నోటిదాకా వచ్చింది. వెటకారం కూడా ఆలస్యంగా రావడం మొదలైందని ఆవిడకు తెలిసొచ్చింది.

మొగుడు మాత్రం ఏదో చేయాలనుకుని తన షాపులో ఉన్న మంచి కళ్ళజోడు ఒకటి తెచ్చి పెట్టాడు, మీటలు పెద్దగా కనబడతాయని. ఆవిడ అది పెట్టుకుని ఆయన ముఖం వైపు చూసి, ఇంత పెద్దగా కనబడనక్కర్లేదని తీసేసింది. అంతే. ఇంట్లో ఆ వారంలో నవ్వింది అదొక్కసారే, అదీ ఆయనే నవ్వాడు.

పూర్తి రిహార్సలుకు ముందు రోజు మేడమ్ అసలు మాట చెప్పింది. చెప్పడానికి చాలా దూరం తిరిగింది. హాలు అద్దె మాట్లాడింది, దీపాల సంగతి మాట్లాడింది, పిల్లల బట్టల కొలతలు మాట్లాడింది.

“అక్కా, మీరేమీ అనుకోకండి. రేపు కూడా ఇలాగే ఉంటే, వడగళ్ళకు రికార్డు పెట్టుకుంటాను. ఆ పిల్ల పడిపోతే కాలు విరుగుతుంది.”

“వడగళ్ళకు ఒక్కదానికేనా?”

మేడమ్ మళ్ళీ బట్టల కొలతల దగ్గరికి వెళ్ళింది. ఒక అంశానికి రికార్డు పనికొస్తే మిగతావాటికి పనికిరాకపోవడానికి కారణం ఏముంటుంది? రికార్డు జీతం అడగదు, జలుబు చేసిందనదు, రెండుసార్లు కొట్టదు. పియానమ్మ ఆ మాటలన్నీ ఆ కొలతల్లోనే విన్నది. రేపు ఒక్కసారి ఆఖరున వాయించి, తనంతట తానే మానేస్తున్నానని చెప్పాలని అక్కడే నిశ్చయించుకుంది. గెంటించుకోవడంకంటే గుమ్మం దాకా తానే నడవడం నయం.

రిహార్సలుకు మొగుడు షాపు మూసి వచ్చాడు. ఆడపడుచూ, అత్తగారూ వచ్చారు. అత్తగారు గౌరవంగా రెండు యంత్రాలూ తగిలించుకున్నారు. పిల్లల తల్లులు గోడ పొడవునా కుర్చీల్లో కూర్చున్నారు. సలహారావు పిలవకుండానే వచ్చి, పిలిచినట్టు ముందు వరసలోకి వెళ్ళి, అక్కడినుంచి ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్ళాడు. చివరి మెరుగులేవో దిద్దాలన్నాడు. పియానమ్మ అడ్డు చెప్పలేదు. ఇక చెప్పి చేసేదేముంది?

ల్యాప్‌టాప్ ఒక పక్క బల్ల మీద ఉంది. ఆయన దాని ముందు కూర్చుని, పక్కనున్న తల్లులకు వినబడేలా, పియానో అంటే ఏమిటో చెప్పడం మొదలెట్టాడు. చెబుతూనే జేబులోంచి తన ఫోను తీశాడు. దానికి చార్జింగు అయిపోయినట్టుంది. ఒక తీగ తీశాడు, ల్యాప్‌టాప్ పక్కన ఏదో పీకి ఏదో గుచ్చాడు. తర్వాత తెర మీద పియానో బొమ్మ మూతను కొంచెం దించాడు. ఒక గుండీని ఎడమకు తిప్పాడు, ఒకదాన్ని కుడికి తిప్పాడు. వెనక్కి వాలి, వంటవాడు మూత తీసి వాసన చూపించినట్టు చేయి ఊపి, కానిమ్మన్నాడు.

పియానమ్మ కళ్ళు మూసుకుని మొదలెట్టింది.

టప్ అంది.

టప్ టప్ టప్ అని వడగళ్ళు పడ్డాయి. ఒక్కోటి విడిగా, గట్టిగా, ఎక్కడ వేలు తగిలితే అక్కడే పుట్టి, అక్కడే ఆగుతున్నాయి. ఒక్కటి కూడా రెండోసారి మోగలేదు. ఆవిడ వేళ్ళు ముందు నమ్మలేదు. అయినా ఆగలేదు. తర్వాత వాటికవే వేగం అందుకున్నాయి. బొంగరం ఒక మూలనుంచి లేచి తిరుగుతూ హాలు మధ్యకు వచ్చింది, ఆ పిల్ల పాదాల కింద స్వరాలు పరుచుకుంటూ పోయాయి. తల్లులు నిటారుగా కూర్చున్నారు. మేడమ్ రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది.

ల్యాప్‌టాప్ ముందు సలహారావు గుండీ తిప్పే వేలు ఆపలేదు. స్వరం పైకి వెళితే ఒకటి తిప్పుతున్నాడు, కిందికి వస్తే ఇంకొకటి. ఎవరైనా చూస్తే వాయించేది ఆయనేనని, ఈవిడ ఊరికే చేతులు ఆడిస్తోందని అనుకోవాలి. అంశం అయిపోగానే చప్పట్లకు ఆయనే లేచి నిలబడ్డాడు. శబ్దం కాస్త చిన్నగా ఉంది గానీ ఎంత శుభ్రంగా ఉందో అని మేడమ్ అంది. కావాలనే తగ్గించానని ఆయన చెప్పాడు. ఎక్కడ నొక్కాలో తెలియాలి అంతే, అని తల్లుల వైపు తిరిగి, ఈ సర్దుబాటు ముందే చేద్దామనుకున్నాననీ, వేళ్ళ బలహీనతకు తగినట్టు సాఫ్ట్‌వేర్‌ను ఒంచాననీ వివరించాడు. ఆడపడుచు తన మొగుడి వైపు గర్వంగా చూసింది. పియానమ్మ మొగుడు “బావ ఏం చేసినా” అని మొదలెట్టాడు.

పియానమ్మ ఏమీ వినడం లేదు. ఆవిడ కళ్ళు తెరిచింది, తెరిచిన కళ్ళ ముందు కీబోర్డు తీగ వేలాడుతోంది. దాని ఒక కొస కీబోర్డులో ఉంది. రెండో కొస ల్యాప్‌టాప్‌లో ఉండాలి. అది బల్ల అంచునుంచి జారి, ఫ్యాను గాలికి అటూ ఇటూ ఊగుతోంది. అది ఉండవలసిన చోట సలహారావు ఫోను చార్జింగు తీగ ఉంది.

ఆవిడ ఊగుతున్న కొస వైపు చూసింది. ఒక మీట నొక్కింది. టప్. ల్యాప్‌టాప్‌కు కబురే లేదు. మరి ఈ టప్ ఎవరిది?

వంగి కీబోర్డు అడుగున చేయి పెట్టింది. అక్కడ రెండు చిన్న స్పీకరు జాలీలు ఉన్నాయి, మీట నొక్కితే అరచేతికి అదురు తగులుతోంది. హాలు స్పీకరు కూడా కీబోర్డు కాళ్ళ దగ్గరే ఉంటుంది కాబట్టి, వచ్చే శబ్దమంతా దానిదేనని ఇన్నాళ్ళూ అందరూ అనుకున్నారు.

“అన్నయ్యగారూ, మీ ఫోను ఒక్కసారి తీస్తారా?” అంది. వెటకారం వేళకు వచ్చింది. “పాపం, ఇంతసేపటినుంచీ గుచ్చి ఉంచారు గానీ, దానికి పియానో వాయించడం తెలియదు.”

ఆయన ఏమిటో అర్థంకాక తీశాడు. ఆవిడ లేచి వెళ్ళి కీబోర్డు తీగను దాని చోట గుచ్చి, తిరిగి వచ్చి ఒక మీట నొక్కింది. టటప్. మళ్ళీ వెళ్ళి తీగ పీకి నొక్కింది. టప్. హాలంతా ఆ టప్‌నూ టటప్‌నూ విన్నది. అత్తగారు కూడా విన్నారు, పక్కనున్న తల్లితో “ఇప్పుడు ఒకటే” అన్నారు.

తీగ మళ్ళీ గుచ్చి, ఈసారి కీబోర్డు మీద పక్కగా ఉన్న, దాని శబ్దం పెంచి తగ్గించే చిన్న గుండీని సున్నాకు తిప్పి మీట నొక్కింది. వేలు తగిలింది, కాసేపటికి స్పీకరులోంచి టప్ వచ్చింది. బస్సు పోయాక వచ్చిన ప్రయాణికుడిలా వచ్చింది.

“ఇదీ ఆలస్యం. ఇక బఫర్ తాళం తీయాలి. రహస్య పదం చెప్పండి.”

సలహారావు తన ఆఫీసు పద్ధతి గురించి మొదలెట్టాడు. మేడమ్ ఆయన పక్కకు వచ్చి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. తల్లులు చూశారు. బొంగరం కూడా చెమట తుడుచుకుంటూ చూసింది. ఆయన అందరికీ వీపు చూపించి కూర్చుని, ఏదో కొట్టాడు. తాళం ఊడింది. ఇన్నాళ్ళూ గుర్తు లేని పదం అంత చప్పున ఎలా గుర్తొచ్చిందని ఆడపడుచు అడిగింది. ఆయన తన ఫోనుకు చార్జింగు ఎంత ఎక్కిందో చూసుకున్నాడు.

ఆవిడ బఫర్‌ను మెట్టు మెట్టుగా దించింది. చిటపట వినబడేదాకా దించి, ఒక మెట్టు వెనక్కి వచ్చింది. కీబోర్డు సొంత గొంతును నొక్కేసే ఉంచింది. కూర్చుని, వడగళ్ళను పైనుంచి కింది దాకా ఒక్క ఊపులో కురిపించింది. ఈసారి శబ్దం చిన్నది కాదు. మహా పియానో గొంతు, విడివిడిగా, హాలంతా నిండుగా, వేలితోపాటే వచ్చింది. బొంగరం కూర్చున్నచోటే రెండు పాదాలూ నేల మీద టపటపలాడించింది.

మేడమ్ అంతా విని, “నాకేం అర్థం కాలేదక్కా. ఇన్నాళ్ళూ ఏమైంది?” అంది.

పియానమ్మ బెంచీ మీద పక్కకు తిరిగి, అందరికీ వినబడేలా చెప్పింది.

“ఈ కీబోర్డుకు సొంత గొంతు ఉంది. మా ఇంట్లోది మూగది. దాన్ని చూసి ఇదీ మూగదే అనుకున్నాను, ఆ తప్పు నాది. నేను మీట నొక్కగానే ఇది వెంటనే పలికేది. అదే కబురు కంప్యూటరుకు వెళ్ళి, అదీ పలికేది. మొదట్లో కంప్యూటరు కొంచెమే ఆలస్యం కాబట్టి రెండూ ఒకదాని మీద ఒకటి పడి, శబ్దం కాస్త జలుబు చేసినట్టు ఉండేది. అన్నయ్యగారు గిన్నె పెంచి తాళం వేశాక రెండూ విడిపోయాయి. ముందొకటి, వెనకొకటి. మీరు విన్న రెండో టప్ కంప్యూటరుది. ఇందాక మీరు చప్పట్లు కొట్టినప్పుడు కంప్యూటరుకు తీగే లేదు. అన్నయ్యగారు తిప్పిన గుండీలు ఆయన ఫోనుకు ఏమైనా ఉపయోగపడ్డాయేమో నాకు తెలియదు.”

“అయితే మీ వేళ్ళు?” అంది మేడమ్.

“ఒక్కసారే కొట్టాయి. రోజూ ఒక్కసారే కొట్టాయి.”